అర్ధచంద్రం

నవంబరులో బ్లాజెనా
ఆ పాత జావాని ముక్కలుగా విప్పి
మూడో అంతస్తుకి మోసుకొచ్చింది.
మోసింది నేనే అనుకోండి.
ఆమె వెనకాల ఒక్క కార్బురేటరు
పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది.

హోడొనీన్ దగ్గర ఎవరిదో కోళ్ళగూట్లో
ముప్ఫై ఏళ్ళు నిలబడిన బండి.
ఎయిర్ ఫిల్టరు విప్పితే ఈకలు.
సీటు కింద పొదగని గుడ్డొకటి,
ఊపితే లోపల ఏదో కదులుతూ.
"దీనికి కూడా ప్రాణం పోస్తావా?" అన్నాను.
నవ్వలేదు.
మందుల షాపులో నలభై ఏళ్ళు
ఊరందరి దగ్గూ విన్న మనిషి,
నా హాస్యానికి ఊరికే లొంగదు.

మా వంటిల్లు చూడాలి మీరు.
ఫ్రీజర్లో ఆల్‌బుఖారా కుడుముల పక్కన
సంచిలో బేరింగులు, చలికి బిగదీసుకుని.
ఓవెన్లో, క్రిస్మస్ బిస్కెట్లు కాలాల్సిన రోజున,
ఇంజను చిప్పలు.
వేడికి చిప్ప సాగుతుందట,
చలికి బేరింగు ముడుచుకుంటుందట,
ఒక్క క్షణం ఒకదానికొకటి చోటిచ్చుకుంటాయట.
ఆ క్షణం దాటితే ఇక సుత్తి దెబ్బలే.
పెళ్ళిలాంటిదే అనబోయి ఊరుకున్నాను.
చేతిలో దీపం ఉంది మరి.
ఈ ఇంట్లో నా ఉద్యోగం అది.

ఇంకొంచెం ఎడమకి.
నా కళ్ళలోకి కాదు, గాడిలోకి.
వ్రాతిస్లావ్, నిద్రపోతున్నావా?

ఆమెది రాత్రి డ్యూటీ అయితే
నాది ప్షెరోవ్ సిగ్నల్ క్యాబిన్లో తెల్లవారుజాము.
ఇన్నేళ్ళూ గుమ్మం దగ్గర తాళంచెవి చేతులు మారేది,
అంతే.
ఇన్ని మాటలు నాతో ఎప్పుడాడింది?

ఫిబ్రవరిలో పోయింది అది.
క్రాంకు గాడిలో కూర్చునే ఉక్కుబిళ్ళ,
చిటికెనవేలి గోరంత, అచ్చం అర్ధచంద్రం.
అది లేనిదే పళ్ళచక్రం ఇరుసుని నమ్మదు.
నేలంతా పాకాం,
నాలుగు మోకాళ్ళు, నూట ముప్ఫై ఎనిమిదేళ్ళు.
ఫ్రిజ్ జరిపాం. పిండి జల్లించాం.

మర్నాడు నా చెప్పులోనే గుచ్చుకుంది.
పిలవొచ్చు. చెప్పొచ్చు.
చొక్కా జేబులో వేసుకున్నాను.
అది కూర్చుంటే ఇంజను మూసుకుంటుంది,
ఇంజను మూసుకుంటే బండి మెట్లు దిగుతుంది,
బండి దిగిందా,
వంటింట్లో నా కొలువుకి
అర్ధచంద్ర ప్రయోగమే.

తొమ్మిది రోజులు
ఆమె వెతికింది, నేను వెలుగు చూపించాను,
దొంగే దివిటీ పట్టినట్టు.

పదో రాత్రి ఉప్పుడబ్బా పక్కన పెట్టేశాను.
పొద్దున చూసింది.
కిరోసిన్‌తో తుడిచింది.
వేలికొన మీద పెట్టుకుని
అనుమానమున్న మాత్రని చూసినట్టు
చాలాసేపు చూసింది.
"దీపం" అంది.

మార్చిలో చెంచా కోసం సొరుగు లాగితే
కాగితం పొట్లం.
అర్ధచంద్రాలు. పది.
బిల్లు మీద తేదీ డిసెంబరు.
రెండుసార్లు లెక్కపెట్టాను, పదీ ఉన్నాయి.
చెంచా తీసుకోకుండానే సొరుగు మూశాను.

ఏప్రిల్లో పెరట్లోకి దింపాం,
మాగిన చెర్రీ రంగులో, టాంకు మీద సొట్ట అలాగే ఉంచి.
ఇరవై అయిదు పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె,
షాపు నుంచి తెచ్చుకున్న గాజు కొలపాత్రని
కంటి మట్టానికి ఎత్తి, ఊపిరి బిగబట్టి పోసింది.
"భోజనానికి ముందా, తర్వాతా?" అన్నాను.
ఈసారి పెదవి ఒక పక్క కదిలింది.

కిక్కు కొట్టేదీ గేరు వేసేదీ ఒకే మీట దానికి.
కొట్టింది.
ఏడోసారికి దగ్గింది.
పదకొండోసారికి నీలం పొగ కక్కింది,
రెండో అంతస్తు హవ్రాంకోవా
ఆరేసిన దుప్పట్లు లోపలికి లాక్కుని
కిటికీ దభాలున వేసింది,
కోళ్ళగూటి వాసన పెరడంతా.
నాలుగు ఊపిర్లు.
ఆగిపోయింది.

"ప్లగ్గు తడిసింది" అంది బ్లాజెనా,
జలుబు చేసింది అన్నంత మామూలుగా.
స్పానరు తీసింది. చెయ్యి చాపింది.
దీపం పట్టుకో.
పట్టపగలు కదా, అన్నాను.
పట్టుకో.